ఎన్నడూ నడవని కార్లు

లోకంలో ఉన్న వస్తువుకు నమూనా చేయడం ఒక విద్య. లేని వస్తువుకు నమూనా చేయడం మరొక విద్య. మొదటిదానిలో చేయి తప్పితే అసలు వస్తువు పక్కనే నిలబడి ఆ తప్పును ఎత్తి చూపుతుంది. రెండవదానిలో అట్టి సాక్షి ఎవ్వరూ ఉండరు. చేసేవాడే వాది, చేసేవాడే న్యాయమూర్తి. ఈ రెండవ విద్యలో నేను నా జీవితంలోని చివరి భాగాన్ని గడుపుతున్నాను. 1920ల నాటి పాతకాలపు కార్లను, ఏ కర్మాగారమూ నిర్మించనివాటిని, ఏ రహదారీ ఎరుగనివాటిని రెసిన్‌తో పోతపోసి తయారుచేస్తున్నాను. అండమాన్ దీవులలోని ఫీనిక్స్ బేలో ఉన్న మా ఇంటి వెనుక వసారాయే నా కర్మాగారం. ఇప్పటికి ముప్పైనాలుగు కార్లు పూర్తి అయినవి.

చూడవచ్చినవారు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న, “ఇది ఏ కంపెనీది?” అని. ఏ కంపెనీదీ కాదని చెబుతాను. రెండవ ప్రశ్న, “మరి దీనివల్ల ప్రయోజనం ఏమిటి?” అని. దానికి సమాధానం ఒక్క వాక్యంలో చెప్పగలిగినది కాదు. అందుకే ఈ వ్యాసం.

పాత కార్లలో ‘వింటేజ్’ అన్న మాటను మనం ఇప్పుడు ఏ పాత బండికైనా వాడేస్తున్నాము. కాని 1934లో ఇంగ్లండులో స్థాపించబడిన వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్బు ఆ మాటకు కచ్చితమైన హద్దులు గీసింది. 1919 మొదలు 1930 వరకు తయారైనవి మాత్రమే వారి లెక్కలో వింటేజ్ కార్లు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన నాటినుంచి ఆర్థిక మాంద్యం ముదిరిన నాటివరకు నడిచిన ఆ పన్నెండేళ్ళూ కారు చరిత్రలో ఒక వింత యుగం.

ఎందుకు వింత యుగమంటే, ఆ రోజులలో ఖరీదైన కారును కొనేవాడు నిజానికి కారును కొనేవాడు కాదు. ఇనుప చట్రం, దానిమీద ఇంజను, ఇరుసులు, కమాను పట్టీలు, చక్రాలు, ముందు రేడియేటరు. ఇంతమాత్రమే కంపెనీ అమ్మేది. రోల్స్ రాయిస్ వంటి సంస్థ రెండవ ప్రపంచ యుద్ధం వరకు చట్రాన్నే అమ్మింది. ఆ చట్రాన్ని కొన్న ఆసామి దానిని బండ్లు కట్టే మరొక కార్ఖానాకు పంపి, తన అభిరుచికి తగినట్లు పైభాగాన్ని కట్టించుకునేవాడు. ఆ కార్ఖానాలు చాలావరకు ఒకప్పుడు గుర్రపు బగ్గీలు చేసినవే. మన దేశంలో మద్రాసు సింప్సన్ సంస్థ కూడా 1840లో బగ్గీల కార్ఖానాగానే పుట్టింది. పనివారు ముందు కర్రతో అస్థిపంజరం వంటి చట్రం కట్టి, దానిపై రేకు తొడిగేవారు. అందువల్ల ఒకే చట్రంపై పది మంది పది రకాల కార్లు కట్టించుకున్నారు.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నేటికిని ఒక పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారును చూడవచ్చు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దానిని కోరి చేయించుకున్నాడు. లండనులోని బార్కర్ సంస్థ పైభాగాన్ని కట్టింది. 1911లో ఆయన మరణించడంతో 1912 నాటి ఆ కారు ఆయన కుమారునికి దక్కింది. దానిలో వెనుకనున్న ఆసనం ఒక సింహాసనం. డ్రైవరు తల కంటె ప్రభువు ఆసీనుడైన చోటు ఎత్తుగా ఉండాలి గదా! ఇంతకంటె విచిత్రమైనది కలకత్తాలో తిరిగిన హంస కారు. రాబర్ట్ నికోల్ మాథ్యూసన్ అనే ధనికుడు 1910లో ఇంగ్లండులోని లోవెస్టాఫ్ట్ రేవు పట్టణంలో ఉన్న బ్రూక్ సంస్థచేత దానిని చేయించాడు. ఆ సంస్థ పడవలకు ఇంజన్లు కూడా చేసేది. కారు ముందుభాగం నిలువెత్తు హంస మెడ. దాని ముక్కునుంచి ఆవిరి చిమ్మేది. ఇప్పుడది నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో లావ్‌మన్ మ్యూజియంలో ఉన్నది.

ఇవి రెండూ నిజంగా ఉన్న కార్లు. ఇట్టివి ఉండగలిగినప్పుడు, ఉండగలిగి కూడా లేకుండా పోయిన కార్లు మరి ఎన్ని ఉండవలె? డబ్బు చాలక ఆగిపోయినవి, యజమాని చనిపోవడంవల్ల కాగితం దాటనివి, కలలో కనిపించినా చెప్పుకొనే చోటు లేక మరుగున పడినవి ఎన్ని? నేను చేసేవి ఆ కార్లనే.

అయితే లేనిదానిని చేస్తున్నాము గనుక ఎట్లా చేసినా చెల్లుతుందని అనుకోకూడదు. లేని కారుకే నియమాలు ఎక్కువ. నేను ముందుగా ఆ కాలపు చట్రం కొలతలను తీసుకుంటాను. చక్రాల మధ్య దూరం ఎంత, ఇంజను ఎంత పొడవు, పెట్రోలు తొట్టి ఎక్కడ, డ్రైవరు కాళ్ళు ఎక్కడికి వస్తవి అన్నవి చట్రమే నిర్ణయిస్తుంది. 1922 నాటి కారు అని మనసులో అనుకుంటే దానికి వంపు తిరిగిన అద్దం పెట్టరాదు, ఆనాటి అద్దాలు పలకలవలె చదునైనవి. నాలుగు చక్రాలకు బ్రేకులు సర్వసాధారణమైనది 1920ల నడిమిలో కనుక, చవక కారుకు 1920లోనే ముందు చక్రాల బ్రేకు డ్రమ్ములు పెడితే అది అబద్ధం. కర్ర అస్థిపంజరంపై రేకు తొడిగిన ఒళ్ళు కనుక రేకును ఇష్టం వచ్చినట్లు ఉబ్బించరాదు. ఈ కట్టుబాట్లన్నిటినీ పాటించిన తరువాత మిగిలే చిన్న జాగాలోనే నా ఊహకు చోటు. ఛందస్సు తెలిసినవారికి ఈ మాట కొత్త కాదు.

ఈ పనికి నన్ను పెట్టినవాడు మా నాన్న. ఆయన చదువుకున్నవాడు కాడు. శ్రీకాకుళం జిల్లా సముద్రతీరంలోని ఒక పల్లెలో పడవలు కట్టే వడ్రంగి. 1961లో బతుకుతెరువు వెతుక్కుంటూ ఓడ ఎక్కి ఈ దీవికి వచ్చాడు. మా తీరం నుంచి ఇట్లా వచ్చినవారు వేలమంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో సుమారు 13 శాతం మందికి తెలుగే మాతృభాష. అప్పటి పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. కాని ఫీనిక్స్ బే మాత్రం ఫీనిక్స్ బేగానే ఉన్నది. దీవులకు తిరిగే లాంచీలు ఆగే జెట్టీ, ఓడలను ఒడ్డుకు లాగి బాగుచేసే డాక్‌యార్డు అక్కడివే. నాన్న ఆ రేవు ప్రాంతంలోనే చిన్న పడవల మరమ్మతులలో జీవితం గడిపాడు.

నాన్నకు చిన్నతనంలో జరిగిన ఒక సంగతి ఉన్నది. వారి పల్లెకు ఒక జమీందారుగారి కారు వచ్చి ఇసుకలో కూరుకుపోయింది. పల్లెలోని మగపిల్లలందరినీ పిలిచి తోయించారు. నాన్న వెనుక మడ్‌గార్డు పట్టుకుని తోశాడు. కారు కదిలింది, వెళ్ళిపోయింది. అంతే కథ. ఆ కథను ఆయన నాకు ఎన్నోసార్లు చెప్పాడు, ఎన్నడూ కోపంగా చెప్పలేదు. పనివాని ధోరణిలోనే చెప్పేవాడు. “ఒరే, ఆ బండి కడుపు తప్పురా. కింద చదునుగా ఉంది. ఇసుకలో చదునైనది కూరుకుపోక ఏమవుతుంది? కడుపు పడవకు ఉన్నట్టు ఉండాల. అప్పుడు ఇసుకలో జారుతుంది, నీళ్ళలో తేలుతుంది” అనేవాడు.

1968లో, నాకు పన్నెండేళ్ళప్పుడు, ఆయన ఆ కారును చేశాడు. చాతాం రంపపు మిల్లు నుంచి బయటికి వచ్చే పడాక్ కర్ర తుండుముక్కలు ఆ రోజులలో ఇక్కడ కొరత లేకుండా దొరికేవి. 1883లో మొదలైన ఆ మిల్లు ఇక్కడి పడాక్‌ను దేశదేశాలకు పంపినది. ఎర్రగా, నెత్తురు చారలతో, రాయివలె గట్టిగా ఉండే కర్ర అది. దానిని బాడిశతో చెక్కి, ఉలితో తొలిచి, చిత్రిక పట్టి, ఒక మూరకు కొంచెం తక్కువ పొడవు గల కారు చేశాడు. కింది భాగం అచ్చంగా పడవ. ముందు రేడియేటరు, పెద్ద దీపాలు, వెనుక మొనదేలిన తోక. తలుపులు లేవు. పడవకు తలుపు ఎక్కడిది? కాలుమెట్టు మీద అడుగుపెట్టి అంచు దాటి లోపలికి దిగవలె. లోపల రెండు వరుసల సీట్లు. ముందు వరుస, వెనుక వరుస ఒకే ఎత్తు.

ఆ ఎత్తు సంగతి నేను చిన్నప్పుడు గమనించలేదు. చౌమహల్లాలోని సింహాసనపు కారును చూసిన తరువాతనే నాకు అది తట్టింది. కారులో కూర్చున్నవానినే గాక తోసినవానిని కూడా కూర్చోబెట్టవలసి వస్తే సీట్లు ఏ ఎత్తున ఉండవలెనో నాన్న ఆలోచించి పెట్టాడో, లేక పడవలో బల్లలన్నీ ఒకే ఎత్తున ఉంటవి గనుక అలవాటుగా పెట్టాడో చెప్పలేను. 1991లో ఆయన పోయాడు. ఆ కారు మా ఇంట్లో అలమరమీద మిగిలింది.

2004 డిసెంబరు 26 ఉదయం భూమి కంపించింది, తరువాత సముద్రం లోపలికి వచ్చింది. ఆ విపత్తులో పోర్ట్ బ్లెయిర్ పరిసరాల భూమి సుమారు ఒక మీటరు కిందికి కుంగింది. సిప్పీఘాట్ వైపున పంటపొలాలలో నిలిచిన ఉప్పునీరు మరల వెనక్కు పోలేదు. నికోబారు దీవులలో జరిగిన నష్టంతో పోలిస్తే మాది నష్టమే కాదు. మా వీధి పల్లపు భాగంలోకి నడుమెత్తు నీళ్ళు వచ్చి పోయినవి. మేము మిట్టకు పరుగెత్తి ప్రాణాలు దక్కించుకున్నాము. సాయంత్రం తిరిగి వచ్చి చూస్తే అలమర పడిపోయి ఉన్నది, కారు కనిపించలేదు. మూడవనాడు పక్కింటివారి పెరటిగోడ మూలలో, కొబ్బరిమట్టల మధ్య అది దొరికింది. చక్రాలు నాలుగూ ఊడిపోయినవి, ఒక దీపం విరిగింది. ఒళ్ళు మాత్రం చెక్కుచెదరలేదు. నీళ్ళపై తేలుతూ పెరడు దాటి వెళ్ళినది. తేలుతుందని నాన్న చెప్పిన మాటను ముప్పైయారేళ్ళ తరువాత సముద్రం పరీక్షించి చూసింది.

ఆనాడే నేను ఒక నిశ్చయానికి వచ్చాను. ఒక్కటే ఉన్న వస్తువు ఎప్పటికైనా పోతుంది. దానికి అచ్చు ఉంటే కొంతకాలం నిలుస్తుంది.

అప్పటికి కర్ర సంగతి కూడా మారిపోయింది. 2002 మేలో సుప్రీంకోర్టు ఈ దీవులలో చెట్ల నరికివేతపై గట్టి ఆంక్షలు విధించింది. అడవికి అది మేలే. పడాక్ తుండులు మునుపటివలె అగ్గువగా దొరకడం ఆగిపోయింది. మరొకవంక నేను ఉద్యోగరీత్యా ఫైబర్ పడవల పనిలో ఉన్నవాడిని. గాజుపీచు చాపను అచ్చులో పరచి, దానిపై పాలియెస్టర్ రెసిన్ పూసి, పొరమీద పొర వేసి పడవ ఒళ్ళు తయారుచేయడం నా నిత్యకృత్యం. కనుక నాన్న కారుకు నేను ఎన్నుకున్న పదార్థం నా చేతికి తెలిసిన రెసినే.

రెసిన్ అనగానే అది ఏదో విదేశీ ప్లాస్టిక్ అని కొందరు ముఖం చిట్లిస్తారు. ఆ మాటకు మన భాషలో పూర్వం నుంచి వస్తువులున్నవి. ఏటికొప్పాక బొమ్మలకు అంకుడు కర్రపై తళతళలాడే రంగు లక్క అనే సహజ రెసిన్‌దే. నాన్న పడవ అతుకులలో నీరు దూరకుండా నూనెతో కలిపి పూసిన గుగ్గిలమూ చెట్టు కార్చిన రెసినే. పురుగో, చెట్టో చేసే పనిని ఇప్పుడు రసాయనశాల చేస్తున్నది. అంతే భేదం.

పని విధానం ఇది. ముందు మూలరూపాన్ని కర్రతోను పుట్టీతోను చేసి, ఉప్పు కాగితంతో నునుపు చేసి, రంగు పూసి ఆరబెడతాను. ఒక్క గీత ఉన్నా అది ప్రతి పోతలోనూ వస్తుంది కనుక ఈ దశకే వారాలు పడుతుంది. తరువాత దానిని చిన్న పెట్టెలో నిలిపి చుట్టూ సిలికోన్ రబ్బరు పోస్తాను. రబ్బరు గట్టిపడిన తరువాత మూలరూపాన్ని తీసివేస్తే లోపల దాని ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో రెసిన్ పోస్తే కారు ఒళ్ళు తయారవుతుంది. రబ్బరు వంగుతుంది గనుక లోపలి వంపులనుంచి కూడా పోత విరగకుండా బయటికి వస్తుంది. ఒక అచ్చు కొన్ని పదుల పోతలకు పనికివచ్చి, ఆపైన చినిగిపోతుంది.

చెప్పడానికి ఇంత సులభం. ఈ దీవిలో చేయడానికి అంత సులభం కాదు. ఇక్కడ సంవత్సరానికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. గాలిలో ఎప్పుడూ తేమే. చిన్న నమూనాలకు అందరూ వాడే పాలియురిథేన్ రెసిన్‌లో రెండు ద్రవాలుంటవి. వాటిలో ఒకటి తేమను తాకితే చాలు, బొగ్గుపులుసు వాయువును పుట్టిస్తుంది. ఫలితంగా పోత పులిసిన ఇడ్లీపిండివలె పొంగి, లోపలంతా బుడగలే అవుతుంది. విచిత్రమేమంటే, అదే తేమ ఒక రకం సిలికోన్ రబ్బరు గట్టిపడడానికి సాయం చేస్తుంది. అందుచేత వానాకాలంలో అచ్చులు చేసుకుంటాను, జనవరి మొదలు ఏప్రిల్ వరకు పొడిగా ఉండే రోజులలో పోతలు పోస్తాను. డబ్బా మూత ఒకసారి తీస్తే ఆ రోజే ఖాళీ చేయవలె. పాలియెస్టర్ రెసిన్ తేమను ఇంతగా పట్టించుకోదు కాని గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతుంది, మందంగా పోస్తే వేడెక్కి పగులుతుంది. దాని విషయంలో నా దగ్గరికి వచ్చే పిల్లలకు మొదటి పాఠం ఒకటే: గట్టిపరిచే ద్రవాన్ని, పని వేగం పెంచే కోబాల్టు ద్రావణాన్ని ఎన్నడూ నేరుగా ఒకదానితో ఒకటి కలపరాదు. అవి పేలుతవి. రెండూ వేరువేరుగా రెసిన్‌లో కలవవలసినవే. ముఖానికి తొడుగు, చేతులకు తొడుగులు, తెరిచిన కిటికీలు లేనిదే పని లేదు.

నాన్న కారు ఒళ్ళును మాత్రం పోతపోయలేదు. అచ్చులో గాజుపీచు పలుచగా పరచి, పడవ చేసినట్లే పొరలుగా చేశాను. అట్లా చేయడం ఆయనకు నచ్చి ఉండేదని నా నమ్మకం.

ఆ తరువాత కొన్నేళ్ళకు ఒక పాత కార్ల పుస్తకంలో ఒక బొమ్మ చూసి నేను నిర్ఘాంతపోయాను. 1912లో పారిస్ నగరంలో లాబూర్దెత్ అనే బండ్ల నిర్మాత, రెనె ద క్నిఫ్ అనే పోటీదారుని కోసం పనార్ చట్రంపై అచ్చం పడవవంటి ఒళ్ళు కట్టాడట. కర్రపొరలను పడవకు వలెనే అతికి, తలుపులు లేకుండా కట్టినదట. 1924లో ఆంద్రె దుబొనె అనే ధనికుడు హిస్పానో సూయిజా చట్రంపై, విమానాలు చేసే న్యూపోర్ సంస్థచేత సన్నని కర్రపట్టీలను వేలాది మేకులతో బిగించి ఒక కారు కట్టించి, దానిని సిసిలీ దీవిలో జరిగే టార్గా ఫ్లోరియో పందెంలో నడిపాడు. అంటే, నాన్న ఊహించిన కారు వంటివి లోకంలో అప్పటికే పుట్టి ఉన్నవి!

మొదట నాకు కొంత నిరాశ కలిగింది. ఎవ్వరూ చేయనిదనుకున్నది ఎవరో చేసి ఉన్నారు గదా అని. తరువాత ఆలోచించగా నిరాశ పోయి ఒక రకమైన గర్వం మిగిలింది. పారిస్ నిర్మాతకు చట్రాలు, కార్ఖానా, డబ్బున్న ఖాతాదారు ఉన్నారు. నాన్నకు ఉన్నది ఒక కారును వెనుకనుంచి తోసిన జ్ఞాపకం, పడవ కట్టే చేయి. అయినా ఇద్దరూ ఒకే చోటికి చేరారు. మంచి పనివారి బుద్ధి ఎక్కడ ఉన్నా ఒకే దారిన పోతుంది కాబోలు. ఒకరి కారుకు రహదారి దొరికింది, మరొకరి కారుకు దొరకలేదు. అంతే.

ఇప్పుడు నేను ప్రధానంగా చెప్పదలచిన సంగతికి వస్తాను. కొన్నేళ్ళ క్రితం విహారయాత్రకు వచ్చిన ఒక పెద్దమనిషి ఎవరో చెప్పగా మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. తెలుగువాడే, ప్రధాన భూభాగంలో కళాఖండాల వ్యాపారం ఉన్నవాడు. అన్ని కార్లనూ చూశాడు. నాన్న కారు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. నిజంగా మెచ్చుకున్నాడు. తరువాత కూర్చుని, “మేస్త్రీగారూ, ఇటువంటివి యాభై కావాలి. మీరు చెప్పే ధరకు ఐదు రెట్లు ఇస్తాను” అన్నాడు. ఒకే ఒక్క షరతు. దానితో ఒక పత్రం జత చేయవలె. 1926లో ఒక సంస్థానాధీశుడు విదేశంలో కట్టించుకోగా, తీసుకువస్తున్న ఓడతో సహా సముద్రంలో మునిగిపోయిన కారుకు ఇది నమూనా అని ఆ పత్రంలో ఉంటుంది. దానిపై నేను సంతకం చేయవలె.

“ఇది అబద్ధం కదండీ” అన్నాను.

ఆయన నవ్వాడు. “మీరు చేసేదంతా లేనిదేగా మేస్త్రీగారూ? లేని కారుకు లేని కథ ఉంటే తప్పేమిటి?”

ఆ ప్రశ్న సామాన్యమైనది కాదు. రాజుల కార్ల చుట్టూ కథలు అల్లుకోవడం మన దేశంలో పాత అలవాటే. ఇంగ్లండులో దుకాణదారు అవమానించగా రోల్స్ రాయిస్‌లను కొని వాటిచేత చెత్త ఊడ్పించాడన్న కథను అల్వార్‌కు, భరత్‌పూర్‌కు, పాటియాలాకు, మన నిజాముకు కూడా మార్చిమార్చి చెబుతూంటారు. ఇంతమందికి ఒకే కథ సరిపోయినదంటే అది ఎవరిదీ కాదన్నమాట. అయినా జనం దానిని ఇష్టంగా వింటారు. అందులో నేను మరొక కథను చేర్చితే ఎవరికి నష్టం?

ఆ సమయంలో మాకు డబ్బు అవసరం లేకపోలేదు. నా భార్యకు రెండు మోకాళ్ళూ అరిగిపోయి శస్త్రచికిత్స చేయించవలసి ఉన్నది. విశాఖకు ప్రయాణం, అక్కడ నెలరోజుల బస, ఆస్పత్రి ఖర్చు అంతా కలిసి నా పింఛనుకు అందనిది. ఆ యాభై కార్లతో అది తీరిపోయేది. మా ఇల్లు మిట్టమీద ఉన్నది, వీధికి దిగడానికి ఇరవైరెండు మెట్లు. ఆమె ఆ మెట్లు దిగేటప్పుడు ప్రతి మెట్టుకూ ఆగడం నేను రోజూ చూస్తున్నాను.

వ్యాపారికి మరునాడు చెబుతానన్నాను. ఆ రాత్రి భార్యతో విషయమంతా చెప్పాను. ఏది మంచిదో ఆమెనే చెప్పమన్నాను, ఎందుకంటే నొప్పి ఆమెది. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, “మావయ్య ఆ కారును తోసింది చాలదా? ఇప్పుడు చేసిన కారు కూడా రాజుగారికే ఇచ్చేస్తారా?” అన్నది.

నాకు అంతవరకు స్పష్టంగా తోచని సంగతి అది. ఊహకు, అబద్ధానికి మధ్య గీత ఎక్కడ ఉన్నదో నేను తర్కంతో వెతుకుతున్నాను. ఆమె మనుషులను బట్టి చూసింది. లేని కారును చేయడంలో ఎవరి సొత్తునూ తీసుకోవడం లేదు. కాని ఆ పత్రం మీద సంతకం పెడితే ఒక వడ్రంగి బుద్ధిని తీసి ఒక రాజు ఖాతాలో వేసినట్లవుతుంది. ఆ రాజు లేనివాడే కావచ్చు. వడ్రంగి మాత్రం ఉన్నవాడు. ఒకే ఎత్తున సీట్లు వేసినవాడు.

మరునాడు ఆ పెద్దమనిషితో కాదని చెప్పాను. నిజం రాసిన కాగితంతో కావాలంటే మామూలు ధరకే యాభై ఇస్తానన్నాను. వడ్రంగి కారుకు అంత గిరాకీ ఉండదని ఆయన మర్యాదగానే చెప్పి వెళ్ళిపోయాడు. ఆయన లెక్క ఆయన వ్యాపారానికి సరియైనదే కావచ్చు.

ఇట్లాంటి కథలలో నిజాయితీకి వెంటనే ఏదో ఒక బహుమానం లభించడం ఆనవాయితీ. మాకు అట్లా ఏదీ లభించలేదు. శస్త్రచికిత్స మరి పద్నాలుగు నెలలు ఆలస్యమైంది. చివరకు అప్పు చేసి చేయించాము, ఆ అప్పు తీరడానికి మూడేళ్ళు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ ఆమె మెట్లు దిగుతూ ఆగినప్పుడల్లా నాకు ఆ పత్రం గుర్తుకు వచ్చేది. ఆమె మాత్రం ఆ ప్రస్తావన మళ్ళీ ఒక్కసారి కూడా తేలేదు. సూత్రానికి కట్టుబడడం గొప్పదని చెప్పేవారు, దాని ఖర్చును సాధారణంగా ఇంట్లో మరొకరు భరిస్తారన్న సంగతి కూడా చెప్పవలె.

ఆ తరువాత నుంచి ప్రతి కారు అడుగున ఒక చిన్న ఇత్తడి రేకు బిగిస్తున్నాను. దానిపై మూడు సంగతులు చెక్కుతాను: ఈ కారు ఎన్నడూ లేదు, దీనిని ఊహించినవారి పేరు ఇది, దీనిని చేసిన సంవత్సరం ఇది. నాన్న కారు అడుగున నాన్న పేరే ఉన్నది. ఆయన పేరు అచ్చులో పడినది అదొక్క చోటే.

అమెరికాలో జనరల్ మోటార్స్ వారి ఫిషర్ బాడీ విభాగం 1930 నుంచి 1968 వరకు కుర్రవాళ్ళకు ఒక పోటీ నడిపింది. మొదట్లో నెపోలియన్ కాలపు రాజశకటాన్ని ఇచ్చిన కొలతల ప్రకారం యథాతథంగా చేయవలసి ఉండేది. 1937 నుంచి తమ సొంత ఊహతో కారు నమూనా చేసి పంపే అవకాశం కల్పించారు. పన్నెండింట ఒక వంతు పరిమాణం. గెలిచినవారికి విశ్వవిద్యాలయ చదువుకు వేతనాలు ఇచ్చారు. ఆ కుర్రవాళ్ళలో పలువురు తరువాత నిజమైన కార్లకు రూపకర్తలైనారు. లేని కారును గీయడం వచ్చినవానికే రేపటి కారును గీయడం వస్తుందని ఆ సంస్థ వ్యాపారదృష్టితోనే గ్రహించింది. నాన్న కారును కొలిచి చూస్తే అది కూడా దాదాపు పన్నెండింట ఒక వంతే. ఆ పోటీ ఆగిపోయిన 1968లోనే ఆయన దానిని చేశాడు. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. అయినా ఆ సంవత్సరాన్ని తలచుకుంటే నాకు సంతోషం కలుగుతుంది.

ఆ పోటీలో ఒక లోటు ఉన్నది. బాలికలకు ప్రవేశం లేదు. మా వసారాలో ఆ నిబంధన లేదు. ఆదివారాలలో మా వీధి పిల్లలు ఆరేడుగురు వస్తారు. తెలుగు, బెంగాలీ, తమిళ ఇళ్ళవారు, తమలో తాము ఈ దీవి హిందీలో మాట్లాడుకుంటారు. వారికి రెసిన్ ముట్టనివ్వను, పుట్టీ, ఉప్పు కాగితం మాత్రమే ఇస్తాను. నియమాలు చెబుతాను. చట్రం ఇంత పొడవు, చక్రాలు ఇక్కడ, అద్దం చదును. ఆ పైన మీ ఇష్టం అంటాను. వారిలో ఎక్కువమందికి సొంత కారు ఎక్కిన అనుభవం లేదు. అయినా ఎవ్వరూ రోల్స్ రాయిస్‌ను నకలు చేయడానికి పూనుకోరు. ఒక జాలరివారి అమ్మాయి చేపల బుట్టలు పెట్టుకునే చోటు ఉన్న కారు చేసింది. బుట్టనుంచి కారే నీళ్ళు పోవడానికి వెనుక రంధ్రం కూడా పెట్టింది. 1925లో అట్టి కారు ఉండే అవకాశం ఉన్నదా అని తనిఖీ చేశాను. చట్రం ఒప్పుకున్నది, కర్ర అస్థిపంజరం ఒప్పుకున్నది. ఉండవచ్చు. ఎవ్వరూ అడగలేదు గనుక ఎవ్వరూ చేయలేదు.

మ్యూజియములలో ఉన్నవి డబ్బు పెట్టి అడగగలిగినవారు అడిగిన కార్లు. అడిగే స్తోమతు లేనివారు ఏమి అడిగి ఉండేవారన్నది ఏ మ్యూజియములోనూ లేదు. ఆ రెండవ చరిత్రలో ముప్పైనాలుగు పుటలు మాత్రం నేను రాశాను. ముప్పైయైదవది ఆ అమ్మాయి కారు. మూలరూపం సిద్ధమైంది, వానలు తగ్గగానే పోత పోయవలె. అడుగున బిగించే రేకుపై ఆమె పేరు చెక్కడం నిన్ననే పూర్తి చేశాను.